ఏకాంబరం బిగించిన కొక్కేలు

మేము వడమాలపేటలో ఉన్న రోజుల్లో మా పెరటి గోడకు ఆనుకునే ఏకాంబరం షెడ్డు ఉండేది. పుత్తూరు నుంచి తిరుపతి దాకా జీపులున్న వాళ్లందరికీ అతనే మెకానిక్కు. ఇంజను విప్పేవాడు, బ్రేకులు సరిచేసేవాడు, వెల్డింగు పెట్టేవాడు. ఒక్క పని మాత్రం ముట్టుకునేవాడు కాదు. బురదలో దిగబడిన బండిని గొలుసు తగిలించి లాగడానికి ముందువైపు ఇనుప కొక్కెం బిగిస్తారు. దానికోసం ఎవరొచ్చినా, "రేణిగుంటలో ఇంగో షెడ్డు ఉండాది, ఆడికి పోండప్పా" అని తల తిప్పుకునేవాడు.

కారణం ఊరికంతా తెలుసు. డెబ్బై ఏడులో అతనూ మునస్వామీ కలిసి ఆ షెడ్డు నడిపేవారు. ఒక ఆసామి కొత్త జీపు తెచ్చి, బంపరు నడుమ ఒక కొక్కెం పెట్టమన్నాడు. మా వైపు కొత్త బండిని అలిపిరికి తీసుకుపోయి, టెంకాయ కొట్టి పూజ చేయించిన తర్వాతే పనికి పెడతారు. పూలదండ నడిమధ్యన వేలాడితే బండికి అందం. బంపరు రేకు బరువు లాగితే ఆగదని ఏకాంబరానికి తెలుసు. దండకే కదా అనుకుని వెల్డింగు పెట్టేశాడు. కానీ కంటి ముందు కొక్కెం ఉంటే, దిగబడిన వాడు దానికే గొలుసు తగిలిస్తాడు. నెల తిరక్కుండానే ఆ జీపు సత్యవేడు దారిలో ఒక వంక దాటుతూ బురదలో దిగబడింది. లాగించడానికి మునస్వామి వెళ్లాడు. ట్రాక్టరు లాగిన లాగుకు రేకు చిరిగి, కొక్కెం గొలుసుతో సహా ఎగిరి వచ్చి అతని రొమ్ముకు తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

ఆ తర్వాత ఏకాంబరం ఒక్కడే పనిచేసేవాడు. బండి కింద పడుకుని, "పద్నాలుగో నంబరు పానా అందియ్యి మునస్వామీ" అని చెయ్యి బయటికి చాచేవాడు. ఆ మాట గోడ ఇవతల పుస్తకం పట్టుకుని కూర్చున్న నాకు వినిపించేది. కాసేపటికి అతనే బయటికి వచ్చి పానాలు వెతుక్కునే చప్పుడు వచ్చేది. తొలిరోజుల్లో నాకు భయం వేసి లోపలికి వెళ్లిపోయేదాన్ని.

నాలుగేళ్లు గడిచాయి. ఒక వానాకాలం ఉదయం మునస్వామి తమ్ముడు జయరామ్ జీపు తీసుకుని వచ్చాడు. వేరుశనగ వ్యాపారి తిరుమలయ్య దగ్గర కొత్తగా డ్రైవరుగా చేరాడట. తిరుమలయ్యా బండిలోనే ఉన్నాడు.

"అన్నా, ముందర హుక్కులు బిగించాల. ఎల్లుండి నుంచి సత్యవేడుకు తిరగాల."

"రేణిగుంటలో..."

"ఆడ బంపరుకే ఏస్తారు. మా అన్న సచ్చిన దోవనే నేను పోతా ఉండేది. ఎట్ల బిగిస్తే ఊడదో నీకంటే ఎవురికి తెల్సు? నువ్వు కాదంటే నేను యాడికి పోవాల సెప్పు."

తిరుమలయ్య కల్పించుకున్నాడు. "ఏమప్పా, నడుమ ఒకటి పెట్టు సాలు. దండేసేదానికి కూడా పనికొస్తాది. ఆ పక్కొకటి ఈ పక్కొకటి ఏస్తే ఎనుబోతు కొమ్ముల మాదిరి ఉంటాది."

"దండ అద్దానికి ఏసుకో సావుకారూ. ఛాసిస్సు బండికి ఎముక. బంపరు వొట్టి తోలు. తోలు పట్టుకోని ఎనుబోతును ఎవురన్నా లాగతారా?" అన్నాడు ఏకాంబరం. అంటూనే లేచి పాత లారీ సామాన్ల కుప్ప దగ్గరికి నడిచాడు.

ఎనిమిది కొక్కేలు ఏరాడు. కొంచెం నోరు తెరుచుకున్నట్టున్న నాలుగింటిని విసిరేశాడు. మిగిలిన వాటిని కిరసనాయిల్లో నానేశాడు. మరునాడు శుభ్రంగా తుడిచి, సున్నం పూసి ఎండలో పెట్టాడు. రెండింటి మీద తెల్లటి సున్నంలోంచి వెంట్రుకంత తడి గీత పైకి తేలింది. లోపల చీలిక ఉంటే నూనె అలా బయటపడుతుంది. వాటినీ తీసేశాడు. తక్కిన రెండింటికీ ఛాసిస్సు కొనల్లో చెరో పక్క బెజ్జాలు వేసి, వెనుక మందపాటి పలక ఆనించి, కొత్త బోల్టులతో బిగించాడు.

అయినా బండి ఇవ్వలేదు. సాయంత్రం ఊరి వెనుక వంకలోకి తోలించి, చక్రాలు మునిగేదాకా బురదలో దించాడు. ట్రాక్టరు తెప్పించి రెండు కొక్కేలకూ గొలుసు తగిలించాడు. తెగితే ఎగరకుండా గొలుసు మీద తడి గోనెసంచులు వేశాడు. చూడ్డానికి వచ్చిన మమ్మల్నందరినీ గట్టు మీదికి తరిమాడు. తను మాత్రం గొలుసు పక్కనే నిలబడ్డాడు.

జయరామ్ స్టీరింగు ముందు నుంచి అరిచాడు. "పక్కకు రా అన్నా! నువ్వు రాకుంటే నేను గేరెయ్యను."

"ఆ పొద్దు మునస్వామి ఇట్లనే గొలుసు పక్కన నిలబడుకున్నాడు. లాగమను."

ట్రాక్టరతను దిక్కులు చూశాడు. ఏకాంబరం భార్య పంకజాక్షి చీర ఎగదోపుకుని బురదలోకి దిగింది. నేరుగా వెళ్లి అతని పక్కన నిలబడింది. "సరే, నేనూ ఈడనే ఉంటా. ఇంగ లాగమను" అంది.

అతను ఆమెకేసి చూశాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని గట్టెక్కాడు.

గొలుసు బిగిసింది. జీపు ముందు వణికి, తర్వాత మెల్లగా బురద విడిచి బయటికి వచ్చింది. ట్రాక్టరతను ఈల వేశాడు. జయరామ్ దూకి పరుగెత్తి వచ్చాడు. "నిలిసిందన్నా! ఇసుమంత కూడా ఊగలేదు!"

ఏకాంబరం మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క బోల్టునూ వేళ్లతో తడిమాడు. ఏదీ కదల్లేదు. లేస్తాడనుకుని మేమంతా చూస్తున్నాం. అతను లేవలేదు.

"ఒకటిన్నర దినం పని" అన్నాడు, జయరామ్ వైపు చూడకుండా. "ఇంతేనబ్బా. ఆ పొద్దు ఆ బంపరు కొక్కెం నేను అర గంటలో ముగించేస్తి."

జయరామ్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. వంగి గొలుసు విప్పుకుని బండి ఎక్కాడు. జీపు గట్టెక్కి రోడ్డు మీదికి వెళ్లిపోయింది. ఏకాంబరం మాత్రం చక్రాలు తవ్విన గుంతల పక్కనే కూర్చుండిపోయాడు. వాటిలోకి నీళ్లు ఊరుతున్నాయి.