తుప్పు పట్టిందమ్మా

నేపర్‌విల్‌లో నాన్న ఇంటి గరాజ్ తలుపు ఎత్తగానే తడి ఇనుము వాసన గుప్పుమంది. టార్పాలిన్ పట్టా కింద కిట్ కార్ అలాగే ఉంది. డబ్బాల్లో వచ్చిన భాగాలను అమ్మా నాన్నా కలిసి బిగిస్తూ, సగంలో ఆపేసిన కార్ అది. ఇల్లు అమ్మేస్తున్నాం. దాన్ని రిస్టోర్ చేయించాలో, స్క్రాప్‌కి ఇచ్చేయాలో ఇవాళ తేల్చుకోవాలి.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. ఆ తర్వాత నాన్న కార్ జోలికి పోలేదు. ఎందుకని అడిగితే, "తుప్పు పట్టిందమ్మా" అన్నారు. తుప్పు అనే మాట నాకు తెలియదు. తప్పు తెలుసు, రోజూ వినేదే. "తప్పు పట్టింది అమ్మ" అని వినిపించింది. కార్‌కి అమ్మ ఏదో వంక పెట్టిందని, అది పోగొడితే అమ్మ తిరిగొస్తుందని అనుకున్నాను.

ఆ వేసవంతా సబ్బునీళ్లు పోసి కార్ కడిగాను. "ఇప్పుడు ఓకేనా, అమ్మా?" అని గట్టిగా అడిగేదాన్ని. నాన్న గుమ్మంలో నిలబడి చూసేవారు.

ఇవాళ కార్ చూడ్డానికి వచ్చిన మెకానిక్, ఫ్రేమంతా తుప్పు తినేసిందని చెప్పి ఇందాకే వెళ్లాడు.

"నేను పోసిన నీళ్లకే కదా నాన్నా, ఇంత పాడైంది? అప్పుడే నన్ను ఆపాల్సింది."

నాన్న బానెట్ మీద చెయ్యి వేశారు. వేళ్లకు ఎర్రటి పొడి అంటుకుంది.

"ఎలా ఆపనమ్మా? నువ్వు అమ్మతో మాట్లాడుతున్నావు కదా."

నేను బయటికెళ్లి స్క్రాప్ వాళ్లకి ఫోన్ చేశాను. తిరిగొచ్చేసరికి నాన్న బకెట్‌లో సబ్బునీళ్లు కలుపుతున్నారు.