ప్రెసిడెంటమ్మ చెప్పిన మాట

నా చిన్నప్పుడు, నాకు అయిదారేళ్లుంటాయి, మా అమ్మ కాన్పుకని శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లి అక్కడే పోయింది. అరవయ్యో దశకం చివరి రోజులవి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నన్ను కోటబొమ్మాళి దగ్గర అమ్మమ్మ ఊళ్లో ఉంచారు. అమ్మకి నయం కాగానే వచ్చేస్తుందని చెప్పి, అమ్మమ్మ పొయ్యి ఊదడానికి వెళ్లిపోయేది. వంట అయిపోయాక కూడా ఊదుతూనే ఉండేది.

పక్క ఊరికి పంచాయతీ ప్రెసిడెంటుగా చేసిన పెద్దాయన అంతకు ముందేడు పోయారు. ఆ ఊరికి బడీ, మంచినీళ్ల నుయ్యీ తెచ్చింది ఆయనేనట. ఆయన పుట్టిన పూరింటినీ, పక్కనే కట్టుకున్న పెంకుటింటినీ ఊరివాళ్లు ఉన్నదున్నట్టు ఉంచేశారు. ఆయన పోయి ఏడాది నిండిన రోజున చుట్టుపక్కల వాళ్లంతా వెళ్లి చూసొస్తుంటే, అమ్మమ్మ నన్నూ తీసుకెళ్లింది.

పూరింట్లో ఆయన్ని ఊపిన ఉయ్యాల తాళ్లు దూలానికి ఇంకా వేలాడుతున్నాయి. పెంకుటింట్లో కుర్చీ దగ్గర చెప్పులు, గోడకి గొడుగు, కిటికీలో కళ్లజోడు. ఎక్కడా దుమ్ము లేదు. ఈయన కూడా మా అమ్మలాగే వచ్చేస్తారన్నమాట అనుకుని సంబరపడ్డాను.

తర్వాత ఆయన భార్య మమ్మల్ని సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. అందరూ ఆమెను ప్రెసిడెంటమ్మ అనేవారు. వాళ్లు మిషను చర్చికి వెళ్లేవాళ్లు. ఆ చర్చి వెనక జీడితోటలో ఉంది సమాధి. సున్నం వేసిన దిమ్మ మీద ఆమె బంతిపూలు పెడుతుంటే, ఆయన ఎప్పుడొస్తారని అడిగాను.

అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ప్రెసిడెంటమ్మ నా ఎదురుగా మట్టిలోనే కూర్చుంది.

“రారమ్మా. ఆయన సచ్చిపోనారు. ఇల్లు ఎంత సర్ది ఉంచినా రారు.”

“మా అమ్మ?”

ఆమె అమ్మమ్మ కేసి చూసింది. అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

“మీ యమ్మా రాదు తల్లీ. సెప్పడానికి మీ అమ్మమ్మకి నోరు రాలేదు. ఆవిడ మీద కోపం ఎట్టుకోకు.”

ముందు ఏడ్చింది నేను కాదు, అమ్మమ్మ. కూతురు పోయిన దగ్గర్నుంచీ నాకు కనిపించకుండా దాచిన ఏడుపంతా పరాయి మనిషి సమాధి మీద పడి ఏడ్చేసింది. ప్రెసిడెంటమ్మ ఆపలేదు. నన్ను ఒళ్లోకి తీసుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి నేను దిగి వెళ్లి అమ్మమ్మ వీపు మీద చెయ్యి వేశాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

పెద్దయ్యాక మా ఇంట్లోనే పిల్లలకి ఇలాంటి కబురు చెప్పాల్సిన రోజులు వచ్చాయి. ఊరెళ్లారని మాత్రం ఎన్నడూ చెప్పలేదు. నేల మీద ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని, పోయారనే చెప్తాను. చెప్పబోయే ముందు ప్రతిసారీ నోరు పెగలదు. అమ్మమ్మ అన్నాళ్లు ఎందుకు చెప్పలేకపోయిందో అప్పుడు తెలుస్తుంది.