ముక్కలై వెళ్ళిన ప్రశ్న

ఆఫీసులో అందరూ ఆమెను గాబరమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. పొయ్యి ఆర్పేసినా పాలు పొంగుతాయేమోనని కాపలా కాసే రకం. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగేది. ఆ లాగుళ్ళకి తాళం సాగి మూరెడైందని ఆమె మరిది ప్రచారం. అది పచ్చి అబద్ధం. తాళం సాగింది బెత్తెడే.

ఈసారి మాత్రం గాబరాకి గట్టి కారణముంది. అంబులెన్సులను పంపే గదిలో వాడే సాఫ్ట్‌వేర్‌కి అడుగు పొర రాసింది ఆమే. ఎవరో ఫోన్ చేస్తారు, ఆపరేటరు బటన్ నొక్కుతుంది, అక్కడి ప్రోగ్రాము వేరే భవనంలో ఉన్న కంప్యూటర్ని "ఈ బండి ఎక్కడుంది? ఖాళీయేనా?" అని అడుగుతుంది. ఎక్కడో ఉన్నదాని చేత మనింటి పనిలా చేయించుకోవడమన్నమాట. ఒక్కో బండికి ఒక్కో ప్రశ్న, ప్రశ్నకో రెప్పపాటు ఆలస్యం. బళ్ళు వందకు పైనే. అన్ని రెప్పపాట్లు కలిస్తే కునుకవుతుంది. అవతల మనిషి ఊపిరందడం లేదంటుంటే ఇవతల తెర కునుకు తీస్తోంది.

మరిది ఆ బళ్ళలో ఒకదానికి డ్రైవరు. "వదినా, నీ కబురు అందేసరికి నేను పేషెంటుని దింపి, బండి కడిగి, క్షవరం కూడా చేయించుకొచ్చా" అనేవాడు.

"ఉన్న నాలుగు వెంట్రుకలకి అంతసేపెందుకు పట్టింది మరిదీ?" అనేది గాబరమ్మ. నవ్వేది గానీ, ఆ మాట ముద్ద దిగనిచ్చేది కాదు.

గది సూపర్‌వైజరు మాటల పొదుపు మనిషి. "రేపు షిఫ్టు దిగేలోపు తేలాలి. తేలకపోతే దీన్ని పీకేసి పాతలాగే ఫోన్లు, గోడ బోర్డు" అని కబురు పెట్టింది. గాబరమ్మ కంపెనీకి ఉన్న ఒకే ఒక్క ఖాతాదారు ఆ గది. అది పోతే కంపెనీ కుర్చీలు కూడా మిగలవు.

జబ్బు ఎక్కడుందో ఆమె ఆ రోజే పట్టేసింది. సాకెట్ అంటే రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే గుమ్మం. ఆమె సాకెట్ మొదటి ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చేదాకా మిగతా ముక్కల్ని పోగేసి అట్టేపెట్టుకుంటోంది. అవతలిదేమో "అందిందని చెప్పడానికి ఉత్తచేతులతో ఏం పోతాం, అసలు జవాబుతో కలిపే పోదాం" అని కూర్చుంటోంది. మర్యాదస్తులిద్దరు గుమ్మంలో ఎదురుపడితే వెనకున్నవాళ్ళు ముసలివాళ్ళయిపోరూ? గాబరమ్మ ఆ అట్టేపెట్టుకోవడాన్ని ఆపేసింది. తన కంప్యూటర్‌లోనే అడిగే ప్రోగ్రామునీ జవాబు చెప్పే ప్రోగ్రామునీ కూర్చోబెట్టి నడిపింది. ఎంత వేగమంటే, అడగబోతున్న ప్రశ్నకి జవాబు ముందే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

వాళ్ళ కంపెనీలో ఒక కట్టుబాటుంది. అడుగు పొర ముట్టుకున్నవాళ్ళు మొదటి పూట ఆపరేటరు పక్కనే కూర్చోవాలి. తిట్లు తాజాగా వినాలని. మర్నాడు గాబరమ్మ అలాగే కూర్చుంది. కొత్తది ఎక్కించింది. ఫోన్ మోగింది. ఆపరేటరు బటన్ నొక్కింది. తెర తెల్లగా ఉంది. ఇంకా తెల్లగానే ఉంది.

"ఇదివరకు కునుకేనండీ" అంది ఆపరేటరు, ఫోనెత్తి డ్రైవర్లను ఒక్కొక్కర్నే పిలవడం మొదలుపెడుతూ. "ఇప్పుడు గురక పెడుతోంది."

సూపర్‌వైజరు లేచి గోడ బోర్డు తుడవసాగింది.

గాబరమ్మ ముందు పాతదాన్ని వెనక్కి పెట్టేసింది, కునుకైనా నయమని. తర్వాత తీగ మీద పోయినదంతా రాసిపెట్టే ప్రోగ్రాము తెరిచి, కొత్తది నడిచిన ఆ కాసేపట్లో ఏం జరిగిందో చూసింది. బండి నంబరు ఒక పొట్లం. టైము ఒక పొట్లం. గది పేరు ఇంకో పొట్లం. ప్రశ్నలో ఏ ముక్కకా ముక్కని సాకెట్‌లో పడేసేలా రాసింది తనే. ఇన్నాళ్ళూ ఆ అట్టేపెట్టుకోవడమే వాటిని పోగేసి మూట కట్టేది. దాన్ని ఆపేసరికి, ఇల్లు మారుతూ గరిటెకో లారీ పెట్టినట్టయింది. తన కంప్యూటర్‌లో తీగే లేదు, అందుకే తెలియలేదు. ఇక్కడ ఈ గదికీ ఆ భవనానికీ మధ్య ఉన్నది సన్నపు దారి.

"ఎంతసేపు?" అంది సూపర్‌వైజరు, వెనక్కి తిరక్కుండానే.

"చెప్పలేనండీ. మీరు బోర్డు తుడవండి, నేను రాస్తుంటా."

ఏ మూటకి ఆ మూట కట్టాకే గుమ్మం దాటించాలి. ప్రశ్న మొత్తాన్ని ఒక చోట పేర్చి, ఒక్కసారే సాకెట్‌కి ఇచ్చేలా మార్చింది. ఈసారి ఆ గదిలోనే ఖాళీ సీటు నుంచి, అసలు తీగ మీదే నడిపి చూసింది. తర్వాత ఎక్కించింది.

మెట్ల మీంచి పెద్దాయన పడ్డాడని ఫోన్. ఆపరేటరు బటన్ మీంచి వేలు తీయకముందే బళ్ళ వరస వచ్చి నిలబడింది. అన్నిటికంటే దగ్గరున్నది మరిది బండి. ఆపరేటరు పంపేసింది. గాబరమ్మకి నమ్మకం కుదరలేదు. ఇంత తొందరగా వచ్చిందంటే పాత జవాబేమో. మరిదికి ఫోన్ చేసింది.

"నీకేమైనా కబురొచ్చిందా?"

"వచ్చింది. మెట్ల దగ్గర పెద్దాయన. బయల్దేరా."

"ఇప్పుడేనా? నిజంగా ఇప్పుడే వచ్చిందా?"

"వదినా, ఫోన్ పెట్టెయ్. బండి నడపాలి."

వాడు జోకు వెయ్యలేదు. దాంతో ఆమెకి కొంత నమ్మకం, ఇంకొంత భయం రెండూ పెరిగాయి. సాయంత్రం రద్దీలో ఫోన్లు వానలా కురిశాయి. తెర ఒక్కసారీ తెల్లబోలేదు. గాబరమ్మ మాత్రం ప్రతి బటన్‌కీ ఊపిరి బిగబట్టి, ఆ లెక్కన రోజుకి కావల్సిన గాలిలో సగం కూడా పీల్చలేదు.

షిఫ్టు దిగుతూ సూపర్‌వైజరు సంచీ భుజానికి తగిలించుకుంది. "ఉంచేయండి" అంది. "ఇక మీరు ఇంటికెళ్ళొచ్చు."

"రేపు కూడా ఒక పూట కూర్చుంటానండీ."

"ఎందుకు? బాగానే ఉందిగా."

"అదేనండీ భయం" అంది గాబరమ్మ.