అయిదు నెలలు తక్కువ పద్దెనిమిది

మొన్న ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీసుకుంటుంటే, పక్కింటి అమ్మాయి వచ్చి పిట్టగోడ మీద చెయ్యి ఆనించి నిలబడింది. బీదరు శివార్లలోని ఈ నౌబాద్‌లో పొద్దున్నే ఫ్యాక్టరీ షెడ్లకు పోయే బండ్ల చప్పుడు, సాయంత్రం తిరిగొచ్చే బండ్ల చప్పుడు తప్ప, నా గేటు తీసుకుని లోపలికి వచ్చే మనిషి చప్పుడు నెలకొకసారి వింటే గొప్ప కనుక, ఎవరైనా అలా వచ్చి నిలబడితే నాకు లోపల సంతోషమే. పైకి మాత్రం ఏం కావాలన్నట్టు ముఖం పెడతాను. ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్లు వార్డెనుగా చేసిన ఉద్యోగం నేర్పిన చెడ్డ అలవాటది, ఇప్పుడు మానుకుందామన్నా పోదు.

అమ్మాయికి పదిహేడు దాటాయి, పీయూసీ రెండో ఏడు. చివరికి గొంతు తగ్గించి అడిగింది. "పెద్దమ్మా, పద్దెనిమిది నిండకముందే ఇల్లిడిచిపెట్టి పోతే పోలీసోళ్లు పట్టుకుంటరా?"

ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా, బలవంతంగా పెళ్లి చేస్తామంటున్నారా అని ముందు అదే అడిగాను. అలాంటిదేదైనా ఉంటే పిల్లల సంక్షేమానికని ఒక కమిటీ ఉంది, దాని ముందుకు నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోతానన్నాను. అదేం లేదంది. తల్లీ తండ్రీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరట, ఇద్దరూ తనతోనే మాట్లాడతారట, ఆ బరువు మోయలేక బెంగుళూరులో ఉన్న స్నేహితురాలి గదికి పోదామనుకుంటున్నదట. అయితే విను అని నాకు తెలిసినదంతా చెప్పాను. పద్దెనిమిది నిండేదాకా పిల్లలు తల్లిదండ్రుల సంరక్షణలో ఉన్నట్టే లెక్క, తప్పిపోయిందని వాళ్లు ఫిర్యాదు ఇస్తే పోలీసులు వెతికి తీసుకొస్తారు, కిరాయి గదికి నువ్వు చేసిన సంతకం చెల్లదు, ఏ హాస్టలూ గార్డియన్ సంతకం లేనిదే చేర్చుకోదు, అన్నిటికన్నా ముఖ్యం, నీకు చోటిచ్చిన ఆ స్నేహితురాలి మెడకు చుట్టుకుంటుంది అని. అంతా విని, ఇవన్నీ నీకెట్ల తెలుసని అడిగింది. ఉద్యోగంలో నేర్చుకున్నానన్నాను. అది అబద్ధం. ఉద్యోగం రాకముందే, ఈ ఊరి ఠాణాలోనే నేర్చుకున్నాను.

మా నాయినకు గంజ్‌లో బెల్లం, చింతపండు టోకు దుకాణం ఉండేది, దాని మీద రెండు గదుల్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. అమ్మ నాకు మూడేళ్లప్పుడే పోయింది. ఆమె ముఖం నాకు గుర్తు లేదు, ఉన్నదని చెప్పుకుంటే బాగుంటుంది గానీ లేదు. నాయిన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. దుకాణంలో వచ్చినవాళ్లతో వచ్చిన భాషలో, ఉర్దూలో, కన్నడంలో, మరాఠీలో, పొద్దస్తమానం మాట్లాడే మనిషి, దుకాణం మూసి మెట్లెక్కేసరికి మాటలన్నీ అయిపోయినట్టుండేవాడు. జొన్నరొట్టె తనే చేసేవాడు, చేసి నా పళ్లెంలో వేసి, నేను తింటుంటే చూసేవాడు, అంతే. ఆ ఇంట్లో కుక్కర్లు లేవు, రేడియో లేదు, కింద దుకాణంలో చీమలు పట్టకుండా మూటల చుట్టూ చల్లిన పసుపు వాసన మాత్రం ఎప్పుడూ ఉండేది.

నాయిన నోరు తెరిచి ప్రేమ చూపించే రోజు ఏడాదికి ఒక్కటి. నేను కార్తీకంలో పుట్టాను, కొత్త బెల్లం గంజ్‌కు దిగే రోజులవి. ఆ రోజు పొద్దున మొదటి మూట విప్పి, ఎవరికీ అమ్మకముందే ఒక ముక్క విరిచి నా నోట్లో పెట్టి, "ఇంకో ఏడు వడ్డది బిడ్డా" అనేవాడు. మాకు కేకులు తెలియవు, కొవ్వొత్తులు తెలియవు, నాకు పుట్టినరోజంటే అదే.

ఇక బడిలో చేరిన ముచ్చట నా వయసు వాళ్లకు నేను చెప్పనవసరం లేదు. కుడి చెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందుకుంటే ఆరేళ్లు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్టు. నాకు అప్పటికి అయిదున్నర. ఇంట్లో చూసుకునే దిక్కు లేదు, దుకాణంలో మూటల మధ్య ఎన్నాళ్లని కూర్చోబెడతాడు? పెద్దసారు ముందు నన్ను నిలబెట్టాడు, నా వేళ్లు చెవికి రెండు అంగుళాల దూరంలో ఆగిపోయాయి. నాయిన నా తల మీద చెయ్యి పెట్టి మెల్లగా పక్కకు వంచాడు, చెవే వచ్చి వేళ్లకు తగిలింది. పెద్దసారు చూసీ చూడనట్టు నవ్వి, జూన్ ఒకటి అని రాసేశాడు, నాయిన కింద సంతకం చేశాడు. ఆ రోజుల్లో మా ఊరి పిల్లల్లో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. నేను రిటైరయిన సాయంత్రం మా ఆఫీసులో నాతో పాటు ఇంకో నలుగురికి శాలువాలు కప్పారు, ఒక్కరికీ అది నిజమైన తారీఖు కాదు, అందరం ఆ సంగతి చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక శాలువా మడిచి పెట్టుకుంటుంటే నవ్వు రాలేదు.

పీయూసీ పాసయ్యాక నాకు భాల్కిలో టీచర్ ట్రైనింగుకు పోవాలనిపించింది. నిజం చెప్పాలంటే టీచరు కావాలని కాదు, హాస్టలుంటుందని. పది మంది పిల్లలు ఒకేసారి మాట్లాడే గదిలో ఒక్క రాత్రయినా పడుకోవాలని నాకు పిచ్చి కోరిక. అర్జీ తెచ్చి నాయిన ముందు పెట్టాను. చదివాడు, మడిచాడు, నా చేతికే ఇచ్చాడు. "నువ్వు బోతే ఈ ఇంట్ల ఎవరుంటరు బిడ్డా?" అన్నాడు. నువ్వున్నావు గదా అన్నాను నేను. పదిహేడేళ్ల నోరు అది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నాయిన సంతకం చెయ్యలేదు. వారం రోజులు అడిగాను, ఏడ్చాను, అలిగి రొట్టె తినడం మానేశాను. చెయ్యలేదు.

ఆ అర్జీ వెనక చిన్న అక్షరాల్లో ఉంది, పద్దెనిమిది నిండని వారికి తండ్రి సంతకం తప్పనిసరి అని. నిండితే అక్కర లేదన్నమాటే కదా. మార్కుల కార్డు తీసి చూసుకున్నాను. ఎన్నేళ్లుగానో చూస్తున్న తారీఖును మొదటిసారి నిజంగా చూశాను. కాగితం ప్రకారం ఇంకో పది రోజుల్లో జూన్ ఒకటి, నేను పెద్దదాన్నైపోతాను. కార్తీకానికి ఇంకా అయిదు నెలలుందని నాకు తెలుసు, నాయినకు తెలుసు, కాగితానికి తెలియదు. ఆ పది రోజులు నేనెంత బుద్ధిగా ఉన్నానంటే, పిల్ల దారికొచ్చిందని నాయిన సంతోషపడి నాకు కొత్త చెప్పులు కూడా కొన్నాడు. ఆ చెప్పులేసుకునే జూన్ రెండున పొద్దున్నే భాల్కి బస్సెక్కాను. రొట్టెల గుడ్డలో చీటీ పెట్టి పోయాను.

భాల్కిలో మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ ఒక గదిలో ఒక్కతే ఉండేది. నన్ను చూసి హడలిపోయింది గానీ వెళ్లగొట్టలేదు, తన మంచమే ఇచ్చి తను కింద పడుకుంది. మూడో రోజు ఇద్దరినీ బీదరు ఠాణాకు పిలిపించారు. నాయిన ఫిర్యాదు ఇచ్చాడు. మా అక్క డ్యూటీ బట్టలతోనే వచ్చింది, బస్సులో దారి పొడుగునా నా చెయ్యి వదలలేదు, ఎవరికి ధైర్యం చెప్పడానికో నాకు తెలియలేదు.

ఠాణాలో బల్లకు ఒక పక్క నాయిన, ఇంకో పక్క మేమిద్దరం. నాయిన సంచిలోంచి నా జాతకం తీసి పరిచాడు, పసుపు రాసిన అంచులతో, కార్తీక మాసం, తిథి, నక్షత్రం అన్నీ అందులో ఉన్నాయి. నేను మార్కుల కార్డు పరిచాను. ఇన్‌స్పెక్టరు రెండూ చూసి కన్నడంలో నాయినకు నెమ్మదిగానే చెప్పాడు. జాతకం మా దగ్గర నిలబడదు, బడిలో రాసిందే లెక్క. అది తప్పంటే, ఆనాడు బడిలో అబద్ధం చెప్పి సంతకం పెట్టానని మీరు రాసివ్వాలి, అప్పుడు జాతకం పట్టుకుని కోర్టుకు పోవచ్చు, పిల్ల మైనరని తేలితే మీ వెంట పంపిస్తాం. అయితే అప్పుడు మైనరు పిల్లను ఇంట్లో పెట్టుకున్నందుకు ఈమె మీద కేసు పెట్టాల్సి వస్తుంది అని మా అక్కను చూపించాడు. కేసంటే మా అక్క నౌకరీ పోతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

తర్వాత నా వైపు తిరిగి, నువ్వు చెప్పు, నీకెన్నేళ్లు అని అడిగాడు.

పద్దెనిమిది నిండాయి సార్ అన్నాను. నాయిన ముఖం చూస్తూ అన్నాను. తల దించుకుని అన్నా కొంత నయముండేది.

నాయిన నన్ను చాలాసేపు చూశాడు, మా అక్కను చూశాడు. గంజ్‌లో పదేళ్ల కింద ఏ మూట ఎవరి బండిలో వచ్చిందో చెప్పగల మనిషి, జాతకాన్ని పాత మడతల మీదే మళ్లీ మడిచి సంచిలో పెట్టుకుని, "నాదే యాది తప్పింది సాబ్. నిండినయి. పిల్లకు పద్దెనిమిది నిండినయి," అన్నాడు. ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నట్టు రాసి సంతకం చేశాడు. నాకు అర్జీ మీద కావలసిన సంతకమే అది, ఇంకో కాగితం మీద చేశాడు. బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి, "జర చూస్కో బిడ్డా," అని మా అక్కతో అన్నాడు. నా వైపు తిరగకుండానే గంజ్ దారి పట్టాడు. నేను గెలిచాను కదా, సంతోషంగా ఉండాలి కదా అనుకుంటూ బస్సులో కూర్చుని భాల్కి దాకా ఏడ్చాను.

హాస్టల్లో నేను కోరుకున్నట్టే పన్నెండు మంది ఒకే గదిలో మాట్లాడేవాళ్లు. మొదటి వారం బాగుంది. తర్వాత వాళ్లకు ఉత్తరాలు రావడం మొదలైంది, ఆదివారాలు అమ్మలూ నాన్నలూ డబ్బాలు పట్టుకుని రావడం మొదలైంది, నేను బట్టలుతుక్కునే నెపం మీద వెనక పెరట్లోకి పోయేదాన్ని. కార్తీకం వచ్చింది. ఆ రోజు నాకు నిజంగా పద్దెనిమిది నిండాయి, ఆ సంగతి యాదున్న ఇద్దరిలో నేను భాల్కిలో, నాయిన బీదర్లో. సాయంత్రం దాకా గేటు వైపు చూశాను. నాయిన రాలేదు. ఎందుకొస్తాడు? అందరి ముందూ జూన్ ఒకటినే నిండాయని చెప్పినవాడు కార్తీకంలో బెల్లం ముక్క పట్టుకుని వస్తే ఇన్‌స్పెక్టరుకు చెప్పింది అబద్ధమైపోదూ. ఆ తర్వాత బతికినన్నాళ్లూ నాయిన ఆ మాట మీదే ఉన్నాడు.

సెలవు దొరికిన రోజు ఇంటికి పోయేదాన్ని. నాయిన తిట్టలేదు, తలుపు వేసుకోలేదు, అలా చేసి ఉంటే తేలికగా ఉండేది. దుకాణం కుర్చీ తుడిచి వేసేవాడు, మంచినీళ్లిచ్చేవాడు, రొట్టె చేసి పెట్టేవాడు, సాయంత్రం కాగానే చివరి బస్సు వేళయిందని గుర్తు చేసి బస్టాండు దాకా వచ్చి ఎక్కించేవాడు. ఉండు అని ఒక్కసారి అనలేదు, ఉంటానని నేనూ అనలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం, ఎవరి దగ్గర నేర్చుకున్నానో వేరే చెప్పాలా? బిడ్డా అన్న పిలుపు కూడా పోయింది. ఏ పేరూ పెట్టి పిలవకుండానే పదకొండేళ్లు నాతో మాట్లాడాడు, ఆ తర్వాత ఒక వానాకాలంలో పోయాడు. నేను వచ్చేసరికి దుకాణం షట్టరు దించి ఉంది.

పెళ్లి చేసుకోలేదేమని మీరు అడగొచ్చు, అడగకండి, ప్రతి దానికీ ఒక కారణముండదు. హాస్టల్లో ఉద్యోగమొచ్చింది, నేనే గేటు దగ్గర నిలబడి గార్డియన్ సంతకం లేని పిల్లలను వెనక్కి పంపాను. రూలు అదే. పంపిన ప్రతిసారీ ఆ పూట అన్నం సహించేది కాదు, మర్నాడు మళ్లీ అదే రూలు చదివి వినిపించేదాన్ని.

ఇప్పుడు కాలం మారింది. పిల్ల పుట్టిన గంట, నిమిషం ఆసుపత్రివాళ్లే రాసిస్తారు, పక్కింటి అమ్మాయి తన కాగితం ఫోనులోనే తీసి చూపించి, ఇంకా ఏడు నెలల పద్దెనిమిది రోజులున్నాయి పెద్దమ్మా అని లెక్క చెప్పింది. మంచిదే. వయసు ఎక్కువ రాసి చిన్నపిల్లలకు పెళ్లిళ్లు చేసే దారి కొంతయినా మూసుకుపోయింది. నేను కాదనను. కానీ ఈ కాలం తండ్రికి ఇక యాది తప్పే వీల్లేదు. ఆగుతానంది అమ్మాయి, ఇంతలో వాళ్ల నాన్న బండి చప్పుడు వినిపించగానే గేటు కూడా వెయ్యకుండా పరుగెత్తింది. లేచి వేసుకొచ్చాను.

నాయిన ఆనాడు నన్ను వదిలిపెట్టి నాకు మేలు చేశాడని చాలా ఏళ్లు అనుకున్నాను, అడిగినవాళ్లకు అలాగే చెప్పాను. ఈ వయసులో, మాట్లాడే మనిషి లేని ఈ ఇంట్లో, ఇంకోలా అనిపిస్తున్నది. కేసు మాట ఎలాగోలా సర్దుకుని, నా యాదే ఖరారు సాబ్ అని గట్టిగా కొట్లాడి, అందరి ముందూ చెవి మెలిపెట్టో చెయ్యి పట్టుకునో నన్ను ఇంటికి ఈడ్చుకుపోయి ఉంటే ఎంత బాగుండేది. ఇంకో అయిదు నెలలు నేను చిన్నదాన్నే కదా.