పక్కింటి గోడకు పాకిన మా మనీప్లాంటు

నీళ్లు పోసింది నేను. అది ఆకులు వేసింది పక్కింట్లో. పేరు వచ్చింది పక్కింటాయనకు.

జరిగిన అన్యాయం ఇంతే. వినే ఓపిక ఉన్నవాళ్ల కోసం మొదటినుంచి చెబుతాను.

ఆ మొక్కను గద్వాలలో ఒక నర్సరీలో కొని, వనపర్తి దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. గడప దాటకముందే మా ఆవిడ తప్పు పట్టింది.

"కొన్నవా? మనీప్లాంటు ఎవరింట్లకెళ్లి అన్న దొంగతనం జేసి తేవాలె గద! కొన్నది, అడిగి తెచ్చింది కలిసిరాదంటరు."

నేను బడిలో చదివినవాణ్ని కాను. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నవాణ్ని. అయినా ఆ మాత్రం తెలుసు. తెచ్చినవాడు దొంగో దొరో చెట్టుకెట్లా తెలుస్తుంది? కొన్నదాన్నే పెంచి చూపిస్తానన్నాను.

పాత ఇనుప బకెట్టుకు అడుగున చిల్లులు కొట్టి, ఎర్రమట్టిలో ఇసుకా మాగిన పేడా కలిపి నాటాను. వసారాలో కొక్కేనికి వేలాడదీశాను. మట్టిలో వేలు గుచ్చి, తడి ఆరిందనుకున్నాకే బియ్యం కడిగిన నీళ్లు పోసేవాణ్ని. ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడిచేవాణ్ని. "నా మొకం ఎన్నడన్న గిట్ల తుడిచినవా?" అనేది మా ఆవిడ. ఇంత చేసినా తీగ కిందికి జారినకొద్దీ ఆకు చిన్నదైపోయింది. పైన తమలపాకంత ఉన్నది, కొసకు వచ్చేసరికి బొటనవేలి గోరంత.

మా వసారాకూ పక్కింటి వసారాకూ మధ్య ఒకటే గోడ. పైన గాలి కోసం సిమెంటు జాలీ. అవతల ఉండేది రిటైరైన బస్సు కండక్టరు. చుట్టరికం లేకున్నా ఏళ్ల తరబడి బావా అంటే బావా అనుకుంటున్నాం. ఒక తీగ ఆ జాలీలో దూరి ఆయన వైపు దిగింది. ఆయన నీళ్ల ట్యాంకు కారి కారి అవతలి గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. తీగ దాన్ని పట్టుకుని పైకి పాకింది. వానాకాలం పోయేసరికి అక్కడ ఒక్కో ఆకు విస్తరాకంత!

"ఏం బావా, మా చెట్టు జూసినవా?" అన్నాడు.

"మీ చెట్టా? బకెట్టు ఎవరిది?"

"బకెట్టు నీదే, ఉంచుకో. ఆకులు ఏడున్నయో జూడు."

కోపం దిగమింగి శాస్త్రం చెప్పాను. ఈ తీగ వేలాడితే ఆకు చిన్నది, దేన్నైనా పట్టుకుని ఎక్కితే ఆకు పెద్దది, అందులో నీ గొప్పేమీ లేదు అని. చాలా శ్రద్ధగా విన్నాడు.

"గంతే గద మరి! ఉరేసినట్టు యాలాడదీస్తే ఎవడు పెరుగుతడు బావా?"

అదీ ఓర్చుకున్నాను. తిమ్మాజిపేట నుంచి వాళ్ల వియ్యాలవారు వచ్చిన రోజు మాత్రం ఓర్చుకోలేకపోయాను. జాలీలోంచి మాటలన్నీ వినబడ్డాయి.

"అబ్బ, ఏం చెట్టు! ఏమేస్తరన్నా దీనికి?" అంది వియ్యపురాలు.

"ఏమెయ్య చెల్లె. జర ప్రేమగ అర్సుకుంట, గంతే."

ప్రేమ! ఒక్క చెంబు నీళ్లు పోసిన పాపాన పోలేదు. ఆ నోటితోనే, నలుగురిలో, "ఇది మా బావ చెట్టు" అనిపించాలని ఆనాడే పంతం పట్టాను. నా చేతిలో ఉన్నవి నీళ్లే కనుక నీళ్లు బంద్ చేశాను. మా ఆవిడనూ పోయనివ్వలేదు. ఇక్కడ వేరు ఎండితే అక్కడ ఆకు వాడుతుంది, అప్పుడు బావే జాలీ దగ్గరికి వచ్చి బతిమాలతాడని నా ఎత్తు.

ఎండింది. మా వైపు ఎండింది. ఆకులు పండి రాలి, జాలీలో ఒట్టి పుల్ల మిగిలింది. అవతల మాత్రం కొత్త ఆకు తాపీగా చుట్ట విప్పుకుంటోంది. కణుపు కణుపుకూ వేరు దించి, ఆ చెమ్మగోడనే తాగుతోంది. కణుపుల దగ్గర వేళ్లు వస్తాయని నాకు తెలియదా? తెలుసు. కోపం వచ్చినప్పుడు చదువు అక్కరకు రాలేదు.

మా ఆవిడ ఖాళీ బకెట్టు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. "నీళ్లు బందువెట్టి ఎవరిని సాధించినవయ్యా? పో, పొయ్యి ఒక కొమ్మ అడుగు."

నా చెట్టు కొమ్మను నేను అడుక్కోవాలట! కొన్నాళ్లు బిగుసుకుని కూర్చున్నాను. ఖాళీ కొక్కెం చూడలేక చివరికి వెళ్లాను. బావ వసారాలో పాత దోస్తులు నలుగురు చాయ తాగుతున్నారు. మంచిదే అనుకున్నాను. కూర్చోమన్నా కూర్చోకుండా, ఇది ఎవరి చెట్టో వీళ్ల ముందు చెప్పు, చెప్పి ఒక కొమ్మ ఇయ్యి, అన్నాను. బావ చాయ గ్లాసు కింద పెట్టాడు.

"నీదే బావా, కాదని ఎవరన్నరు? ఈళ్లందరి ముంగట జెప్తున్న, ఇది మా బావ చెట్టు. గానీ కొమ్మ అడిగితే ఇయ్య. కొన్నది నీ చేతుల నిలవకపాయె, అడిగింది ఏం నిలుస్తది? కత్తెర గా కిటికీల వెట్టిన. మేమంత రోడ్డు దిక్కు మల్లి చాయ తాగుతం. జల్ది దొంగతనం జేసుకపో."