పైడమ్మ సూదిలో నీళ్లు

ఈ మాట ఎన్నోసార్లు గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేను డాక్టర్ని. మందని చెప్పి ఒక ముసలమ్మకు నీళ్లు ఎక్కించాను.

పందొమ్మిది వందల యాభైల్లో చోడవరంలో ప్రాక్టీసు పెట్టాను. క్షయకు సూదిమందు కొత్తగా వచ్చిన రోజులు. విశాఖపట్నం నుంచి తెప్పించినా అందరికీ చాలేది కాదు. రోలుగుంట నుంచి పైడమ్మ వచ్చేది, దగ్గితే రక్తం. కోడలు చెరకు కోతకు పోతే పసి మనవరాలిని ఆమే చూసుకునేది. అన్నం నమిలి పిల్ల నోట్లో పెట్టేది. అలా చేస్తే పిల్లకీ అంటుతుందని మొదటిరోజే కసిరాను. తల ఊపింది.

కొన్ని సూదులు పడ్డాయి. దగ్గు తగ్గింది. ఒకరోజు మా అరుగు మీదే, నా కళ్ల ముందే, నమిలిన ముద్ద పిల్లకు పెడుతోంది. ఒళ్లు మండిపోయింది. లోపల ఒక కుర్ర మేష్టారు అదే మందు కోసం కాచుకుని ఉన్నాడు. చెప్పిన మాట వినే మనిషి, ఇంట్లో కంచం, చెంబు వేరు పెట్టుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకు అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె వంతు మందు అతనికి, ఆమెకు కాచి చల్లార్చిన నీళ్లు. న్యాయం చేస్తున్నాననుకున్నానా, లేక నా మాట విననందుకు కసి తీర్చుకున్నానా? నిజం చెప్పాలంటే కసే ఎక్కువ.

మేష్టారు బతికాడు. పైడమ్మ మనవరాలు క్షయ మెదడుకెక్కి జ్వరంతో, మూర్ఛలతో పోయింది. రోగం ముందే అంటుకుందో, నా నీళ్ల రోజుల్లో అంటుకుందో తెలుసుకునే దారి లేదు. తర్వాత పైడమ్మ మళ్లీ రక్తం దగ్గుకుంటూ వచ్చి గుమ్మం బయట నేల మీద కూలబడింది.

"మీరొద్దన్నాక మానీసేను బాబూ. సూదులు పడ్డాయి గదా, రోగం సచ్చిపోనాదనుకుని మల్లీ నమిలి పెట్టేను. అంత మంచి మందు నాకెందుకు పని సెయ్యలేదు బాబూ?"

నేనేమన్నానో వినండి.

"పెట్టొద్దని చెప్పలేదా? చేతులారా నువ్వే చంపుకున్నావు."

"అవును బాబూ" అంది. మరి సూదికి రాలేదు. ఆ చలికాలం దాటకుండానే పోయింది, పిల్లను తానే చంపానన్న నమ్మకంతోనే.

మళ్లీ ఎందుకు పెడుతున్నావని ఆ రోజు అరుగు మీద ఒక్క మాట అడిగి ఉంటే? అడగలేదు. నాకు కోపమొచ్చింది, అంతే. క్షమించమనడానికి ఆమె లేదు, మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. కోడలు మాత్రం ఉంది. ఎదురుపడితే నాకు దండం పెడుతుంది, చచ్చిపోయిన అత్తను ఇప్పటికీ తిట్టుకుంటుంది. ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. మీకు చెప్పాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.