బావ చైన్

మా బావ సైకిలెక్కితే చైన్ ఊడుతుంది. అప్పుడప్పుడూ కాదు, ఫర్లాంగుకోసారి. మలుపు దగ్గర ఒకసారి, వంతెన మొదట్లో ఒకసారి, వంతెన దిగాక ఇంకోసారి. ఊడినప్పుడల్లా దిగి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, పెడల్ తిప్పుతూ దానితో ఏవో మంతనాలు ఆడతాడు.

బావ దర్జీ. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ సైకిలెక్కాడు, మా అక్కకు తోడుగా. మోకాలి ఆపరేషన్ అయ్యాక అక్కను రోజూ తొక్కమన్నాడు డాక్టరు, లేకపోతే కాలు బిగుసుకుపోతుందట. పెళ్లికి ముందు ఎవరినీ తనకన్నా ముందు పోనివ్వని మనిషిని ఇప్పుడు నడిచేవాళ్లు కూడా దాటిపోతున్నారు. మొదటిరోజే చెప్పేసింది: "నా మీద జాలిపడి ఎవరైనా ఆగారా, ఈ సైకిల్ మళ్లీ ముట్టుకోను." అక్క అన్నదంటే అన్నదే.

ఆ రెండు సైకిళ్లూ బాగుచేసి ఇచ్చింది నేనే. ఒకరి దగ్గర నేర్చుకోలేదు, పాడుచేసుకుంటూ నేర్చుకున్న పని. నేను బిగించిన చైన్ ఊడదు. అలాంటిది బావ రోజూ నా షాపు ముందు, పదిమంది వినేలా, "ఇవాళ ఏడుసార్లు ఊడింది బావమరిదీ" అనేవాడు. ఒకరోజు ఎండ వల్ల, ఒకరోజు చలి వల్ల. ఒకసారైతే ఆ చైన్‌కు తనంటే గిట్టదన్నాడు. లింకు తీసి బిగించాను. చైనే మార్చాను. పళ్లచక్రాలు రెండూ మార్చాను.

మర్నాడు తొమ్మిదిసార్లు ఊడింది.

గాలి కొట్టించుకోవడానికి వచ్చేవాళ్లు కూడా నా మొహం చూసి, పంపు తామే అందుకోవడం మొదలుపెట్టారు. ఇక లాభం లేదని ఒక ఉదయం గుమ్మంలోనే కాచుకున్నాను. బావ వచ్చాడు.

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

"చేతులు చూపించండి."

చూపించాడు. అప్పుడే సబ్బుతో కడిగినట్టున్నాయి. పదకొండుసార్లు చైన్ ఎక్కించిన మనిషి వేళ్లు నా వేళ్లలా ఉండాలి. బావ నన్ను చూశాడు, వెనక చెమటలు కక్కుతూ వస్తున్న అక్కను చూశాడు.

"ఇంకొక్క నెల," అన్నాడు మెల్లిగా.

అక్క దిగుతూనే నన్ను అందుకుంది. "ఏరా, ఆ చైనొక్కటి సరిచేయలేవా? నేను వెళ్లి నెత్తిన నిలబడేదాకా తెమలదు ఈయన పని."

ఇరవై ఏళ్ల పేరు ఒక్క ముక్కతో పోగొట్టుకున్నాను. "నా వల్ల కావట్లేదక్కా. నెలైనా పడుతుంది."

ఆమె నీళ్లు తాగడానికి లోపలికెళ్లగానే, పాత గ్రీజు తీసి బావ పది వేళ్లకూ పూశాను. "పని చేస్తే చేసినట్టుండాలి బావా," అన్నాను.

నెల దాటింది. మొన్న అక్క ఒక్కతే ముందొచ్చింది, ఆయాసం కూడా లేదు. బావ కనుచూపుమేరలో లేడు. సైకిల్‌కు స్టాండు వేసి, ఆ మోకాలితోనే చక్రం పక్కన గొంతుక్కూర్చుంది.

"నా చైన్ కూడా ఊడుతోందిరా. మీ బావ వచ్చేదాకా చూస్తుంటాను."

వేళ్లు చూశాను. తళతళలాడుతున్నాయి.

గ్రీజు డబ్బా అందించాను.